ఓబులేసయ్య గారు కాగితం దాటి చెప్పిన ఒక్క మాట

మొన్న మంగళవారం పొద్దున మైదుకూరు రోడ్డు పక్కన దోసకాయలు బేరమాడుతుండగా ఫోను మోగింది. ఓబులేసయ్య గారు తెల్లవారుజామున కన్నుమూశారని అవతలి కంఠం చెప్పింది. గుండెపోటు. ఆసుపత్రికి చేర్చే వ్యవధి కూడా లేకపోయిందట. ఫోను చెవి దగ్గరే ఉంది, చెయ్యి దోసకాయ మీదే ఉంది, నా నోరు మాత్రం "ఇరవైకి ఇస్తావా, ఇయ్యవా?" అని అడిగింది. బండి దగ్గరి ముసలామె నా ముఖంలో ఏం చూసిందో, "తీసుకోని పో నాయనా" అంటూ సంచిలో వేసేసింది. బేరం గెలిచాను. విన్నది ఏమిటో ఇంటికొచ్చి సంచి కింద పెట్టాక గానీ తలకెక్కలేదు.

ప్రొద్దుటూరు బట్టల బజారులో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాయన అంగట్లో నేను అభ్యసించిన మొదటి శాస్త్రం మౌనం. బేరంలో ముందుగా నోరు తెరిచినవాడు ఓడిపోతాడని ఆయన సిద్ధాంతం. తర్వాత నేను సంపాదించిన వాణిజ్యశాస్త్ర పట్టాలన్నీ ఆ సిద్ధాంతానికి వ్యాఖ్యానాలే. సంస్మరణ రాసేవాడు తన గొడవ చెప్పుకోకూడదంటారు. ఈసారికి పాఠకులు మన్నించాలి. నా మౌనాన్ని పక్కన పెడితే ఓబులేసయ్య గారి జీవితంలోని చివరి అధ్యాయం ఎవరికీ అర్థం కాదు.

ఆళ్ళగడ్డ దగ్గరి పల్లెలో, మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో ఆయన పుట్టారు. అహోబిలేశుడి పేరు పెట్టారు. డిగ్రీతో చదువు ఆగింది. మా ప్రైవేటు విశ్వవిద్యాలయానికి ఇంకా ప్రహరీగోడ కూడా లేని రోజుల్లో గుమాస్తాగా చేరి, పరిపాలనా విభాగం సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశారు. పొట్టి మనిషి. తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. ఒకటి తనకు, రెండోది పెన్ను మరిచి వచ్చేవాళ్ళకు. ఆ రెండోది పోతే మూడు రోజులు వెతికేవారు. తనది పోతే అడిగేవారు కాదు.

ఆయన బల్ల ముందు ఒక విచిత్రమైన ఆచారం అమలయ్యేది. ఊడ్చే ఆమె అయినా సరే, ఆచార్యుడైనా సరే, ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు దాన్ని ఆయన మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా పైకి చదివి వినిపించాలి. వినకుండా సంతకం పెడతానంటే ఒప్పుకోరు. కాగితం వెనక్కు లాక్కుని చేతి కింద పెట్టుకుంటారు. వరుసలో పదిమంది నిలబడి గొణుగుతున్నా ఆ పారాయణం ఆగేది కాదు.

భౌతికశాస్త్రంలో పేరుమోసిన ఆచార్యులొకరు ఒకనాడు మండిపడ్డారు. "ఏమప్పా, డాక్టరేటు చేసినోణ్ణి, నాకు సదవను రాదనుకుంటివా?"

"సదవను వచ్చు సార్, నేను కాదంటినా? కన్ను దుముకుతా పోతాది. చెవి అయితే నిలబడతాది. రెండు నిమిషాలు కూర్చోండి."

ఆచార్యులు విసుగ్గా కూర్చున్నారు. రెండో పేరాలో ఆయన చేరిన సంవత్సరం తప్పుగా పడిన సంగతి ఆయన చెవికే పట్టింది. సంతకం పెట్టి ఉంటే మూడేళ్ళ సర్వీసు గాలికి పోయేది. ఆనాటి నుంచి ఆయనే వచ్చి కుర్చీ లాక్కుని, "కానీ ఓబులేసూ, మొదలుపెట్టు" అనేవారు.

ఈ అలవాటు ఎక్కడిదని నేనొకసారి అడిగాను. పెన్ను మూత తిప్పుతూ చెప్పారు: "మా నాయన ఒక కాగితం మీద వేలిముద్ర ఏసినాడు సార్. దాంట్లో ఏం రాసినారో ఎవురూ సదివి చెప్పలేదు. మూడెకరాలు పాయె. ఆయప్పకు పోయిన భూమి మీద కంటే, తనకు సదివి చెప్పని మనుషుల మీదనే శానా బాధ." తర్వాత, నాకంటే తనకే చెప్పుకున్నట్టుగా అన్నారు: "కాగితంలో ఉండేది ఒక్కటి గూడ వదలగూడదు. లేనిది ఒక్కటి గూడ కలపగూడదు." ఆయన ధర్మశాస్త్రమంతా ఈ రెండు వాక్యాలే.

అక్కడే కామర్స్ పాఠాలు చెప్పే నాతో ఆయనకు నిత్య సంగ్రామం. నేను ఒకటిన్నర రోజు సెలవు పెట్టి రెండు రోజులు తిరిగేవాణ్ణి. ఆయన అర పూటను కూడా పట్టుకునేవారు. "మధ్యాహ్నం వచ్చినాను కదా సార్, అర రోజు వెయ్యండి" అంటే నవ్వి, "ఇది మీ అంగడి కాదు సెట్టి సారూ. ఈడ గజానికి రెండంగుళాలు ఎక్కువ కొలిచేది ఉండదు" అనేవారు. ఆయన ముందు నేను ఒక్క బేరమూ గెలవలేదు. ఆ ఓటమిలో ఒక నిశ్చింత ఉండేది. నన్ను ఓడించినట్టే అందరినీ ఓడిస్తాడన్న భరోసా అది. విశ్వాసం అనే గంభీరమైన పదానికి నాకు తెలిసిన అర్థం అదే.

రసాయనశాస్త్ర ప్రయోగశాలలో సహాయకురాలిగా పనిచేసిన మాబున్నీని ఇక్కడే పరిచయం చేయాలి. ఐదో తరగతితో చదువాపేసిన మనిషి. ఒప్పంద ఉద్యోగంలో చేరిన రోజు ఓబులేసయ్య గారు నియామకపత్రం చదువుతుంటే ప్రతి వాక్యం దగ్గరా "అంటే?" అని ఆపేది. ఆయన ఆపిన చోటల్లా ఆగి, విడమరిచి చెప్పి, మళ్ళీ మొదలుపెట్టేవారు. గంటసేపు పట్టింది. చివరికి ఆమె సంతకం పెట్టి, "నా నిఖాకు గూడ ఇంత సేపు సదవలేదు సార్" అంటే గదంతా నవ్వింది. అప్పటి నుంచి ఆ విభాగంలో ఎవరికి ఏ నోటీసు వచ్చినా మాబున్నీ ఒకటే మాట: "ఓబులేసు సార్ సదివినాడా? సదివింటే సరే."

ఇప్పుడు మా ఉపకులపతి గారి దగ్గరకు రావాలి. పేరు రాయను. క్రూరుడిలా కనిపించకపోవడమే ఆయన సంపద. మహమ్మారి వచ్చి తరగతులు మూతపడి, వసతిగృహాలు ఖాళీ అయి, ఫీజులు స్తంభించిన రెండో నెలలో, ఆన్‌లైన్ సమావేశంలో ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ "మనం ఉద్యోగులం కాదు, ఒక కుటుంబం" అన్నారు. సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఒక్కొక్కరికీ విడిగా ఫోన్లు వచ్చాయి. ఒకరి తల్లి డయాలసిస్ గురించి అడిగారు. ఇంకొకరి బిడ్డకు పాఠాలు వినడానికి ఫోను ఉందా అని అడిగారు. పెట్టేముందు అందరికీ ఒకటే వాక్యం: "ఇది మనిద్దరి మధ్యే ఉండనీయండి."

పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని ధర తేల్చుకుంటారు. పక్కనే నిలబడినవాడికి కూడా ఏం పలికిందో తెలియదు. ఆ నెలంతా మా విశ్వవిద్యాలయం తువ్వాలు కిందే నడిచింది. తన వేలినొక్కదాన్నే ఆప్యాయంగా నొక్కారని ఎవరికి వారు మురిసిపోయారు. బేరం తెలిసినవాడినని నన్ను అంతకు ముందే సిబ్బంది సంఘానికి కార్యదర్శిని చేశారు. నాకూ ఫోను వచ్చింది. "కొందరిని సెలవు మీద పంపక తప్పదు. మీ పేరు మాత్రం నేనే కొట్టేశాను. ఇది మనిద్దరి మధ్యే." నేను లేచి నిలబడి, వంగి నమస్కారం పెట్టాను. ఫోనుకు. మా ఆవిడ చూసి, "ఎవురది, మల్లికార్జునసామా?" అని అడిగింది.

మరునాడు ఓబులేసయ్య గారినీ నన్నూ వీసీ గారు తన గదికి పిలిపించారు. ఒక పత్రం సిద్ధంగా ఉంది. ఒప్పంద ఉద్యోగులు విశ్వవిద్యాలయ శ్రేయస్సు దృష్ట్యా స్వచ్ఛందంగా జీతం లేని సెలవు కోరుతున్నట్టు దాని సారాంశం. "మీరు చదివి వినిపిస్తే చాలు ఓబులేసయ్య గారూ. నా మాట వినకపోయినా మీ గొంతు వింటారు" అన్నారు వీసీ గారు. తన గొంతు చాలదనీ ఎవరి గొంతు చాలుతుందో అదీ ఆయనకు కచ్చితంగా తెలుసు. సరుకు తెలిసిన వ్యాపారి.

ఓబులేసయ్య గారు అక్కడికక్కడే పైకి చదివారు. చివరి వాక్యం దగ్గర ఆగారు: "పరిస్థితులు చక్కబడిన పిదప నా సేవల కొనసాగింపు విశ్వవిద్యాలయ నిర్ణయానికి లోబడి ఉంటుంది."

"అంటే మళ్ళీ తీసుకోకపోవచ్చు అనే గదా సార్?"

"అబ్బే, అది లాయర్ల కోసం రాసిన వాక్యం."

"తీసుకుంటామని రాస్తే లాయర్లు కాదంటారా సార్?"

వీసీ గారు లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "వాక్యం లాయర్లకు. నా మాట మనుషులకు. తలుపులు తెరిచిన రోజు ఒక్కరు కూడా బయట ఉండరు. మాట ఇస్తున్నాను."

"ఆ మాటే కాగితంలో పెడదాం సార్" అన్నారు ఓబులేసయ్య గారు.

వీసీ గారి ముఖం నలిగింది. "అంటే ఇన్నేళ్ళ తర్వాత నన్ను నమ్మడం లేదన్నమాట. సరే. నమ్మకం లేని చోట నేనెందుకు? ఇవాళే రాజీనామా ఇచ్చి పోతాను. తర్వాత వచ్చేవాడు సెలవు అడగడు, నేరుగా తీసేస్తాడు. మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారో." అని నా వైపు చూశారు.

ఈ బేరం నాకు తెలుసు. లేచిపోతానని బెదిరించే గిరాకీని మా నాయన కన్నెత్తి చూసేవాడు కాదు. పది అడుగులు వేసి తనే తిరిగొస్తుంది. "రాసివ్వండి సార్, చాలు" అని నేనొక్క ముక్క అని ఉంటే ఆయన రాసిచ్చేవారే. కానీ ముందురోజు ఫోను నా నాలుక మీద కూర్చుంది. "సార్ అంతగా మాట ఇస్తున్నారు గదా, ఇంకేం కావాలప్పా" అన్నాను. ఓబులేసయ్య గారు నా ముఖంలోకి చూశారు. మా సంఘం కార్యదర్శి ఒప్పుకున్నాడు కదా, ఇతనికి బేరం తెలుసు కదా అనుకున్నారేమో. కాగితం తీసుకుని లేచారు.

సెమినారు హాల్లో ముఖాలకు గుడ్డలు కట్టుకుని దూరం దూరంగా కూర్చున్న ఒప్పంద సిబ్బందికి ఆయన మొత్తం చదివారు. చివరి వాక్యాన్ని మింగలేదు; మరింత నెమ్మదిగా చదివారు. వెనక వరుసలోంచి మాబున్నీ లేచింది.

"అంటే?"

ఆయన ఆ వాక్యాన్నే మళ్ళీ చదివారు.

"అంటే ఏంది సార్? మళ్ళ పని ఉంటాదా, ఉండదా?"

ఓబులేసయ్య గారు కాగితం వైపు చూశారు, తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు చూశారు. అప్పుడు, నాకు తెలిసి జీవితంలో మొదటిసారి, కాగితంలో లేని మాట చెప్పారు.

"ఉంటాదమ్మా. వీసీ గారు నాకు మాట ఇచ్చినాడు."

మాబున్నీ ముందుకొచ్చి మొదటి సంతకం పెట్టింది. మిగతావాళ్ళందరూ పెట్టారు. ఆయన రెండో పెన్ను చేతులు మారుతూ హాలంతా తిరిగింది.

విశ్వవిద్యాలయం మళ్ళీ తెరిచినప్పుడు చాలామందికి పిలుపు వచ్చింది. పదకొండు మందికి రాలేదు. వాళ్ళలో మాబున్నీ ఉంది. అడగడానికి వచ్చిన ఆ పదకొండు మందినీ వీసీ గారు ఎంతో గౌరవంగా కూర్చోబెట్టి టీ ఇప్పించారు. ఓబులేసయ్య గారినీ నన్నూ పిలిపించారు. "నేను మాట ఇచ్చానా? కాగితంలో ఎక్కడుంది?" అని బాధపడ్డారు. "ఓబులేసయ్య గారు దొడ్డమనిషి. మిమ్మల్ని ఊరడించడానికి ఏదో అని ఉంటారు. వయసు కూడా మీదపడింది. ఏం కామర్స్ సారూ, ఆ రోజు మీరూ ఉన్నారు కదా, నేనలా అన్నానా?"

పదకొండు జతల కళ్ళు నా మీద పడ్డాయి. పన్నెండో జత ఓబులేసయ్య గారిది.

"నాకు సరిగ్గా గుర్తు లేదు సార్" అన్నాను.

మరొకరైతే నా చొక్కా పట్టుకునేవారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఉద్యోగం కోసం భయపడుతున్నానని గ్రహించారేమో, నన్ను వదిలేసి వాళ్ళ వైపు తిరిగారు. "తప్పు నాదే తల్లీ. కాగితంలో లేనిది చెప్పినా" అన్నారు. తాను జీవితాంతం పాటించిన నియమాన్ని ఒక్కసారి తప్పానని ఆయన భావం. వాళ్ళు విన్నది వేరు. లేని మాటను ఉన్నట్టు చెప్పి సంతకాలు పెట్టించానని ఆయనే ఒప్పుకున్నాడని విన్నారు. మాబున్నీ కొంగు బిగించి లేచి, "నిన్ను నమ్మి మేమెట్ల పెడితిమి సార్ సంతకం" అని, టీ గ్లాసు ముట్టకుండా వెళ్ళిపోయింది. వీసీ గారు తల దించుకుని చాలాసేపు విచారించారు.

ఆ తర్వాత ఆయన గొంతు మారింది. కాగితాలు చదువుతూనే ఉన్నారు గానీ ఎవరూ కూర్చుని వినేవారు కారు. "సంతకం యాడ పెట్టాల్నో చెప్పు సారూ, చాలు" అనేవారు. వాళ్ళ తప్పు కాదు. ఒక సంస్థలో మాటను చంపడానికి మాట లేనివాణ్ణి వాడితే ప్రయోజనం లేదు. మాట ఉన్నవాణ్ణే వాడాలి. ఆ ఒక్కడు పోతే ఇక ఎవరూ ఎవరినీ నమ్మరు. నమ్మనివాళ్ళు సంఘం కట్టలేరు. మా సంఘం ఇప్పటికీ ఉంది, కార్యదర్శినీ నేనే, సమావేశానికి ఎవరూ రారు.

పదవీ విరమణ తర్వాత ఎండనక వాననక ఆ పదకొండు ఇళ్ళకూ ఆయన తిరిగారు. నంద్యాలలో మాబున్నీ ఇంటికి రెండుసార్లు పోతే తలుపు తియ్యలేదట. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు తాగి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అన్నారు:

"సెట్టి సారూ, కడపలో కార్మిక శాఖ ఆఫీసుకు వాళ్ళ తరఫున అర్జీ ఇస్తాండాం. ఆ గదిలో మీరు విన్నది రెండు ముక్కలు రాసియ్యండి."

"రాస్తాను సార్. ప్రమోషన్ ఇంటర్వ్యూ రెండు నెలల్లో ఉంది. అది కానీయండి."

"రెండు నెలలకు గుర్తొస్తాదా సార్?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగారు. నేను ఇంకా బేరం పెంచాను: పేరు లేకుండా రాస్తాననీ, నోటితో చెబుతాననీ, ముందు ఇంకొకరిని అడిగి చూడమనీ. ఆయన చెప్పులు వేసుకుంటూ, "బేరం వద్దులే సార్. విన్నది రాయండి, విననిది వద్దు. అంతే" అన్నారు. నాకు ప్రమోషన్ వచ్చింది. నేను రాయలేదు. సంతకాలు ఉన్నాయి, సాక్ష్యం లేదు అని కార్మిక శాఖ వారు అర్జీ మూసేశారు.

ఆ తర్వాత ఆళ్ళగడ్డ బస్టాండులో ఒక్కసారి కలిశాం. తప్పించుకోబోయాను, ఆయనే పిలిచి, ఉగ్గాని, బజ్జీ ఇప్పించి, మా ఆవిడ మోకాళ్ళ నొప్పి గురించి అడిగారు. ఆ సంగతి ఎత్తలేదు. బస్సు వచ్చేదాకా ఉండి ఎక్కించి పోయారు. ఆ మర్యాద నన్ను కాల్చినట్టు ఏ తిట్టూ కాల్చి ఉండదు.

అంత్యక్రియలకు వెళ్ళే ధైర్యం చాలలేదు. బుధవారం విశ్వవిద్యాలయంలో సంతాపసభ జరిగింది. వీసీ గారు ఆయన్ను "సంక్లిష్ట సమయంలో యాజమాన్యానికీ ఉద్యోగులకూ మధ్య నిలిచిన విశ్వాస వారధి" అని కీర్తించారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను మొదటి వరుసలో నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాను. అందులో నాకు అభ్యాసం ఉంది.

మూడోనాడు పల్లెకు వెళ్ళాను. నాపబండ అరుగు మీద ఒక మూలగా మాబున్నీ కూర్చుని ఉంది. ఇప్పుడు నంద్యాలలో ఒక హాస్టలు వంటింట్లో రొట్టెలు చేస్తుందట. నన్ను చూసి లేచింది.

"ఒక్క మాట అడుగుతా సార్, ఇంగ దాచేదానికి ఏముండాది. ఆ పొద్దు వీసీ నిజంగా మాట ఇచ్చినాడా? లేకుంటే ఈయప్పే మమ్మల్ని సముదాయించేదానికి చెప్పినాడా?"

"ఇచ్చినాడమ్మా. నేను ఆడనే ఉండా. విన్నా."

ఆమె నన్ను చూడలేదు. లోపల దీపం పెట్టిన గది వైపు చూసింది.

"మీరే గుర్తు లేదంటిరి గదా సార్. మీరట్లన్నెంకనే గదా, ఈయప్ప అబద్ధమాడినాడని మేమనుకునింది." ఆ గది వైపు రెండడుగులు వేసింది. "ఇన్నేండ్లు ఎదురొస్తే మొగం తిప్పుకోని పోయినా సార్. ఇంటికొస్తే తలుపు తియ్యలే. బతికుండంగా ఈ మాట చెప్పింటే, ఒక్క నమస్కారమన్నా పెట్టిందును గదా."

ఆమె కొంగుతో నోరు మూసుకుని, ఆడవాళ్ళ నడుమ నుంచి దారి చేసుకుంటూ లోపలికి వెళ్ళింది.

కనుక, ఆలస్యంగానే అయినా, నా పేరుతో ఇక్కడ రాస్తున్నాను. ఓబులేసయ్య గారు అబద్ధమాడలేదు. వీసీ గారు ఆ గదిలో మాట ఇచ్చారు. దాన్ని కాగితంలో పెట్టమని ఓబులేసయ్య గారు అడిగారు. వద్దని అడ్డుపడింది నేను. అర్జీ మూతపడింది గనుక ఈ సాక్ష్యం ఇప్పుడు ఎవరికీ ఉద్యోగం ఇప్పించదు. దీన్ని ఎవరికి చదివి వినిపించాలో ఆ మనిషి ఇక లేరు. ఆ పుణ్యమూర్తి స్మృతికి నేను సమర్పించగలిగిన అంజలి ఈ నిష్ప్రయోజకమైన సత్యమొక్కటే.

ఇటువంటి వ్యాసాల చివర, ఆయన వంటివారు మళ్ళీ పుట్టరని రాస్తారు. నాకు ఆ మాట రాయబుద్ధి కావడం లేదు. పుడతారేమో. పుట్టి, ఇలాంటి కొలువులోనే చేరి, ఇలాంటి గదిలోనే కూర్చుంటారేమో. అప్పుడు కూడా వారి పక్క కుర్చీలో కూర్చునేది నా వంటివాడే.